బోర్లించిన గ్లాసులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు అనే మాటే అయినా, ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను. ఆ కోపంతో ఒక పెద్దామెను ఏడాదిపాటు నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆమె ముందు నేనెంత చిన్నదాన్నో ఒక మంగళవారం తెలిసింది.

నేను పనిచేసే బ్లడ్ బ్యాంకు శంషాబాద్ ఏర్‌పోర్టు దగ్గర, గగన్‌పహాడ్‌లో ఉంది. ఒకప్పుడు అది ఏదో గోదాము. కింది గదుల్లో రక్తం ఇచ్చేవాళ్లు, పై గదుల్లో రక్తం ఎక్కించుకునే పిల్లలు. ఈ పిల్లలకు పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. మూడు వారాలకోసారి వచ్చి, మంచమెక్కి, ముక్కూమొహం తెలియని ఎవరిదో రక్తం ఎక్కించుకుని, సాయంత్రానికి బుగ్గల్లో రంగు తెచ్చుకుని ఇంటికి పోతారు. మా పైనుంచి విమానాలు దిగుతూనే ఉంటాయి. ఒక్కొక్కటీ దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు, టీ గ్లాసులు సన్నగా చప్పుడు చేస్తాయి. కొత్తవాళ్లు తలెత్తి చూస్తారు, మేం చూడం.

నా పని దాతల వివరాలు చూసుకోవడం. పేరు, ఫోను, గ్రూపు, ఊరు, చేసే పని, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ, ఏవైనా ప్రత్యేక సంగతులు. ఇదంతా ఒకే ఒక్క ఫైలు. దాన్ని నేనే తయారుచేశాను, అందుకు నాకు కొంచెం తలబిరుసు కూడా ఉండేది. మా ఊరు మహేశ్వరం పక్కన. మా బాపు కందులు, జొన్నలు పండించినవాడు. ఆయన బిడ్డ ఒక డేటాబేసు కట్టిందంటే చిన్న సంగతా అని నాకు నేనే మురిసిపోయేదాన్ని. ఆ ఫైలును ఆఫీసు గదిలోని పెద్ద కంప్యూటర్లో పెట్టి, నెట్‌వర్కులో అందరికీ తెరిచాను. కౌంటరులో కూర్చునే అమ్మాయి, ల్యాబులో పనిచేసే అన్న, నేను, ముగ్గురం ఒకేసారి అందులో పనిచేసేవాళ్లం. "ఇగ కాగితాలు బంద్" అని రిజిస్టర్లన్నీ కట్టగట్టి అటకెక్కించింది కూడా నేనే.

ఇక పెద్దమ్మ. ఊడవడం, గ్లాసులు కడగడం, దాతలకు టీ ఇవ్వడం, సాయంత్రం తలుపులు మూయడం ఆమె పనులు. మేమంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. అక్షరం ముక్క రాదు. ఆమెతో నాకు రెండు పేచీలు.

మొదటిది టీ దగ్గర. రక్తం ఇచ్చి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెక్క అరలో బోర్లించిన గ్లాసుల్లోంచి ఒకటి తీసి, నిలబెట్టి, టీ పోసి, బిస్కెట్లో అరటిపండో ఇచ్చి, ఆ మనిషి మంచీచెడ్డా కనుక్కునేది. ఆ మనిషి లేచి గేటు దాటాక, గ్లాసు కడిగి అరలో బోర్లించేది. అప్పుడుగానీ ఇంకొకరిని కూర్చోనిచ్చేది కాదు. కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చిన రోజున బయట వరస పెరిగిపోతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"పెద్దమ్మా, నలుగురికి ఒకేసారి పొయ్యరాదా? నీకేం పోతది?"

"ఒకల ముచ్చట ఇంకొకల ముచ్చటల కలుస్తది బిడ్డా. ఎవలకు కండ్లు తిరుగుతున్నయో, ఎవలు బాగున్నరో నాకెట్ల ఎర్కయితది? ఒకలది కానియ్యి, తర్వాత ఇంకొకలది."

రెండో పేచీ మెయిన్ స్విచ్చు దగ్గర. సాయంత్రం ఐదు కొట్టగానే ఆమె కింది గదుల కరెంటు మెయిన్ దించేసేది. రక్తం దాచే ఫ్రిజ్‌లకు, పై గదులకు వేరే లైను ఉంది కాబట్టి బతికిపోయాం. మా యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మేం ఫైల్లో ఉండగానే టప్పున తెరలు నల్లబడేవి. రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోతే ఫైలు చెడిపోతుంది. అట్లా రెండుసార్లు చెడిపోయింది కూడా. పాడైంది కొంచెమే కాబట్టి బాగుచేసుకోగలిగాను. "మెయిన్ ముట్టుకోవద్దు" అని ఎర్ర అక్షరాలతో రాసి బోర్డు పక్కన అంటించాను. పెద్దమ్మ అది చెప్పుల గురించి అనుకుని, వారం రోజులు వచ్చినవాళ్లందరినీ చెప్పులు బయట విడవమని వెంటపడింది. నేను పళ్లు నూరుకున్నాను. కౌంటరు అమ్మాయి మాత్రం బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది.

"ఎందుకట్ల దించుతవ్?" అని ఒకసారి అరిచినట్టే అడిగాను.

ఆమె తాపీగా చెప్పింది. వాళ్ల ఊళ్లో ఒక బావి, నలుగురి వాటా, ఒకే మోటరు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని వంతు పెట్టుకున్నారు. ఎవరి వంతో వాళ్ల దగ్గరే మోటరు ఫ్యూజు ఉంటుంది. మడి తడిశాక మోటరు ఆపి, ఫ్యూజు పీకి, తర్వాతి వంతు వాళ్ల చేతిలో పెట్టాలి. గట్టు మీద పెట్టి పోవడానికి వీల్లేదు. చేతిలోనే పెట్టాలి.

"ఫ్యూజు పీకకుండ పోతే, ఎవ్వలు లేనప్పుడు కరెంటొచ్చి మోటరు దానంతట అదే తిరుగుతది. నీళ్లు ఎవని మళ్లకు పోతున్నయో ఎర్కుండది. లొల్లయితది. పనైపోయిందంటే బంద్ చెయ్యాలె బిడ్డా."

బావి పూడిపోయింది, పొలం ప్లాట్లయింది, అలవాటు మాత్రం ఆమె వేళ్లలో ఉండిపోయింది. నాకు అప్పుడు అదేమీ ఎక్కలేదు. ఈమెకు బుర్ర లేదనుకుని విసవిసా వెళ్లిపోయాను.

ఇక పాప సంగతి. ఏడేళ్లు. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. చిన్నప్పటి నుంచి ఎంతోమంది రక్తం ఎక్కీ ఎక్కీ, ఆ పిల్ల ఒళ్లు ఇప్పుడు చాలామంది రక్తాన్ని ఒప్పుకోవడం మానేసింది. గ్రూపు ఒక్కటి కలిస్తే చాలదు, ఇంకా లోపలి గుర్తులేవో కూడా కలవాలి. సిటీలో ఒక పెద్ద ల్యాబుకు మా దాతల నమూనాలు పంపి పరీక్షలు చేయిస్తే, ఆరుగురు సరిపోయారు. ఆ ఆరుగురి వరసల్లో, చివరి గడిలో, ల్యాబు అన్న "పాపకు సరిపోతుంది" అని రాశాడు. ఆ సంగతి రాసి ఉన్నది అక్కడొక్కచోటే. కాగితాలు బంద్ చేసిన ఘనత నాది కదా.

ఆ మంగళవారం పొద్దున పాపను వాళ్లమ్మ ఎత్తుకుని తెచ్చింది. మధ్యలో జ్వరం రావడంతో పోయిన వారం రావాల్సిన పిల్ల రాలేకపోయింది. పెదవులు తెల్లబడిపోయి ఉన్నాయి. మెట్లెక్కే ఓపిక లేదు. మా డాక్టరమ్మది గోదావరి వైపు, ఎంత తొందర పనైనా మెత్తగా చెబుతుంది.

"గురువారం దాటకూడదండీ. దాత రేపు పొద్దున్నకల్లా వచ్చి ఇవ్వాలి, పరీక్షలకు ఒక రోజు పడుతుంది కదా. కొంచెం చూడండి."

"చిటికెల తీసిస్త మేడం" అన్నాను. ఫైలు తెరిచి ఆరుగురిలో మళ్లీ రక్తం ఇచ్చే గడువు ఎవరికి వచ్చిందో చూస్తే సరిపోతుంది. అన్నం తినొచ్చి చూద్దామనుకున్నాను.

రెండింటికి కౌంటరు అమ్మాయి కేక వేసింది. "అక్కా! ఫైలు తెరుసుకుంటలేదు. ఏందో గుర్తుపట్టలేని ఫైలు అంటున్నది!"

పరుగున వెళ్లి చూశాను. నిజమే. ఇంతకుముందులా కొంచెం చెడిపోవడం కాదు, ఫైలు అసలు నోరే తెరవడం లేదు. నాకు ఇంకేమీ తోచలేదు. నేరుగా టీ గది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

"పెద్దమ్మా! మెయిన్ ముట్టుకున్నవా?"

"పట్టపగలు నేనెందుకు ముట్టుకుంట బిడ్డా?"

"నీ చెయ్యి పడకుంటే గిట్లెట్లయితది? ఇప్పటికి రెండుసార్లు పాడుచేసినవ్. ఆ పాపకిచ్చెటోళ్ల పేర్లు అందులనే ఉన్నయి. ఏమన్నయితే నీదే పాపం!"

పాప తల్లి అక్కడే గోడవార కూర్చుని ఉంది. నా మాటలన్నీ విన్నది. పాపను ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కుంది. పెద్దమ్మ చేతిలో గ్లాసు తుడుస్తూ నిలబడింది.

చెడిపోయిన ఫైలును ముట్టుకోకుండా ముందు దానికి ఒక నకలు తీసుకున్నాను. కొత్త ఖాళీ ఫైలు చేసి, పాతదాంట్లోంచి ఒక్కొక్కటీ ఇందులోకి లాగాను. పేర్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఊళ్లు, పనులు, తేదీలు వచ్చాయి. దేవుడా అనుకుని చివరి గడి చూశాను. అందులో తెలుగూ లేదు, ఇంగ్లీషూ లేదు. చైనా అక్షరాల్లాంటివేవో పురుగుల్లా పాకుతున్నాయి. పొడుగ్గా రాసుకునే గడి మిగతావాటితో కలిసి ఉండదు. ఆ రాత ఫైల్లో ఇంకెక్కడో ఉంటుంది, వరసలో దాని చిరునామా మాత్రం ఉంటుంది. ఆ చిరునామాలు చెదిరిపోయాయి. మనుషులంతా చేతికి దొరికారు, వాళ్లలో పాపకు కావాల్సినవాళ్లెవరో తెలియదు.

నకళ్లు లేవా అంటే ఉన్నాయి. ప్రతి శనివారం నకలు తీసేదాన్ని. కానీ మిగతా ఇద్దరూ ఫైల్లో పనిచేస్తుండగానే తీసేదాన్ని. సగం రాసి సగం రాయని ఫైలుకు తీసిన నకలు కూడా అట్లాగే ఉంటుందని నాకు తెలుసు, తెలిసీ బద్ధకించాను. ఒక్కటొక్కటే తెరిచాను. ఒక్కటీ నిలబడలేదు. బాగున్న నకలు ఒకటే దొరికింది, అది పాపకు పరీక్షలు చేయించకముందుది. సిటీ ల్యాబుకు ఫోన్ చేస్తే, పాత రిపోర్టులు వెతికి పంపాలంటే శుక్రవారం అవుతుందన్నారు. ల్యాబు అన్నను అడిగితే, పేరు చూస్తే గుర్తుపడతాను గానీ తలచుకుంటే ఒక్కటీ రావడం లేదన్నాడు.

అప్పుడు కనబడింది ఆ చిన్న ఫైలు.

దాని గురించి చెప్పాలి. ఇట్లాంటి పెద్ద ఫైలును ఎవరైనా తెరవగానే, దాని పక్కనే అదే పేరుతో ఒక బుల్లి ఫైలు పుడుతుంది. గుమ్మంలో కూర్చున్న కాపలామనిషి లాంటిది. ఏ కంప్యూటరు లోపలికి వెళ్లిందో రాసుకుంటుంది. ఒకరు రాస్తున్న వరసలో ఇంకొకరు వేలు పెట్టకుండా చూస్తుంది. లోపలున్న చివరి మనిషి పద్ధతిగా ఫైలు మూసి బయటికి రాగానే తనంతట తానే మాయమైపోతుంది. రోజుకు ఎన్నిసార్లు పుట్టి ఎన్నిసార్లు పోతుందో, ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇన్నాళ్లు దాని పక్కనుంచే తిరిగి, నేనూ ఒక్కసారైనా తెరిచి చూడలేదు.

మధ్యాహ్నం అన్నాలకు ముందు ముగ్గురం ఫైలు మూసేశాం. అంటే అది అప్పుడే పోయి ఉండాలి. పోలేదు, ఫోల్డర్లోనే కూర్చుని ఉంది. ఎవరో లోపలికి వెళ్లి, చెప్పకుండా మాయమయ్యారన్నమాట. ఇంత తిట్టాక పెద్దమ్మ మీద సాక్ష్యం దొరికిందనే అనుకున్నాను, ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచాను.

రెండు పేర్లున్నాయి. రెండోది కౌంటరు కంప్యూటరు, రెండింటికి తెరవబోయి భంగపడ్డది. మొదటిది నా లాప్‌టాప్.

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. అన్నానికి లేచేటప్పుడు ఒక దాత ఫోను నంబరు మార్చాల్సింది గుర్తొచ్చి, లాప్‌టాప్‌లో వైఫై మీద ఫైలు తెరిచాను. ఇంతలో నేను మరిచిపోయిన టిఫిను డబ్బా తెచ్చి మా ఆయన గేటు దగ్గర హారన్ కొట్టాడు. టైపు చేసుకుంటూనే గేటు దాకా నడిచాను. గేటు దగ్గర మా వైఫై అందదు. డబ్బా తీసుకోవడానికి లాప్‌టాప్ మూత టప్పున మూసి చంకలో పెట్టుకున్నాను. రాస్తూ రాస్తూ సగంలో వదిలేసి పోయింది నేను. ఆ కాపలామనిషి పేరు రాసుకుని, నేను తిరిగొస్తానని గుమ్మంలోనే కూర్చుంది. ఎవరి మీదా నేరం మోపకుండా, ఎవరినీ కాపాడకుండా, ఉన్నదున్నట్టు పట్టుకుని కూర్చుంది. ఇంత నిజాయితీ నేను మనుషుల్లో కూడా చాలా తక్కువ చూశాను.

వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను, తప్పు నాదేనని. ఆమె కోప్పడలేదు. "తర్వాత చూద్దాం. ఇప్పుడేం చేయగలమో చెప్పండి" అంది. నాకు ఏడుపొచ్చింది.

నా బల్ల దగ్గరికి వచ్చేసరికి టీ గ్లాసు ఉంది. పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. అన్ని మాటలన్నాక కూడా టీ తెచ్చింది.

"మెయిన్ కాదు పెద్దమ్మా" అన్నాను. "నేనే. నడుమల ఇడిసిపెట్టి పోయిన. నిన్ను ఊకెనే తిట్టిన."

"సరే తియ్యి. ఇంతకు ఏం పోయింది?"

"పాపకు ఎవ్వలి రక్తం సరిపోతదో ఆ ఆరుగురు ఎవలో తెల్వకుంటయింది."

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "గంతేనా? దానికెందుకు పరేషాన్? ఆ ఆరుగురు నాకెర్కే."

ఆ ఆరుగురిలో ఎవరొచ్చినా ల్యాబు అన్న టీ గదిలోకి తొంగిచూసి, "పెద్దమ్మా, పాపకిచ్చేటోళ్లు, జర మంచిగ చూడు" అనేవాడట. ఆమె వాళ్లకు ఒకటికి రెండు అరటిపండ్లు ఇచ్చేదట. పేర్లు తెలియవు. మనుషులు తెలుసు.

అరలోంచి ఆరు గ్లాసులు తెచ్చి నా బల్ల మీద వరసగా బోర్లించింది. మొదటి గ్లాసు తీసి నిలబెట్టింది.

"ఒకాయన కారు తోలుతడు. ఏర్‌పోర్టు కిరాయిలు. ఎడమ చెయ్యే ఇస్తడు, కుడి చెయ్యి మీద కాలిన మచ్చ ఉంటది. చక్కెర లేకుండ తాగుతడు."

కారు డ్రైవర్లు శంషాబాద్‌లో గంపలకొద్దీ. ఆ గ్రూపు వాళ్లే నా తెర నిండా వచ్చారు. "ఎప్పుడొచ్చిండు?" అని అడిగాను.

"మామిడికాయలు వచ్చే దినాలు. నాకు రెండు తెచ్చి పెట్టిండు, వాళ్ల ఊరియట. ఊరి పేరు..." అని కళ్లు మూసుకుంది. ఊరి పేరు చెప్పింది. ఊరు, పని, తేదీ మూడూ పెట్టి వెతికితే ఒక్క వరస మిగిలింది. ల్యాబు అన్న వచ్చి పేరు చూసి, "అవునవును, ఈయనే!" అని ఎగిరాడు. పెద్దమ్మ మొదటి గ్లాసు బోర్లించింది. అప్పుడు రెండోది నిలబెట్టింది.

"ఒకామె. ఏర్‌పోర్టుల లోపల ఊడుస్తది. బల్ల మీద పండుకున్నంతసేపు ఒక్క మాట మాట్లాడది. లేచినంక పాప ఎట్లున్నదని అడుగుతది."

నాకు ఆత్రం. ఆమె చెబుతుండగానే, "మరి హోటల్ల వంట చేసేటాయన ఒకడున్నడు గద, ఆయన కూడనా?" అని నడిమధ్యలో దూరాను. వంటాయన ఊరును ఈమె వెతుకులాటలో పెట్టేశాను. తెర మీద ఎవరూ రాలేదు. పెద్దమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఆగు బిడ్డా. గ్లాసు నిలబడ్డది సూస్తలేవా? ఈమె ముచ్చట కానియ్యి."

చేయి వెనక్కి తీసుకున్నాను. ఒకరి వంతు అయ్యేదాకా ఇంకొకరిని రానివ్వకపోవడం, అయిపోయిందన్న గుర్తు పెట్టడం, ఆ గుర్తు చూశాకే ముందుకు పోవడం. నేను పుస్తకాల్లో చదివి, ఫైల్లో పెట్టకుండా వదిలేసిన పని ఇదే. ఆ రక్షణ పెట్టుకునే వీలుంది ఫైల్లో. పెడితే ఒకరు రాసేటప్పుడు ఇంకొకరు కాసేపు ఆగాలి. పని నెమ్మదిస్తుందని నేనే తీసేశాను. ఈమె మాత్రం ఏళ్ల తరబడి, ఒక్కొక్క గ్లాసుతో, ఒక్కొక్క మనిషిని పూర్తిగా లోపల దాచుకుంది. ఒక్కరి సంగతి కూడా ఇంకొకరి సంగతిలో కలవలేదు. నా ఫైలు చెదిరిపోయింది, ఆమెలో ఆరుగురూ నిక్షేపంగా ఉన్నారు. లేచి ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, తిడుతుందని.

మూడున్నరకు ఆరు గ్లాసులూ బోర్లాపడ్డాయి. ఆరుగురూ దొరికారు. వరస వరసకూ ల్యాబు అన్న పేరు చూసి తలూపాడు.

తేదీలు చూశాను. నలుగురికి ఇంకా గడువు తీరలేదు, మళ్లీ ఇవ్వడానికి వాళ్ల ఒంటికి సమయం కావాలి. మిగిలింది ఇద్దరు, కారు డ్రైవరు, ఏర్‌పోర్టులో ఊడ్చే ఆమె. డ్రైవరుకు ఫోన్ చేశాను. "తిరుపతి కిరాయికి వచ్చిన అక్కా. గురువారం గాని ఇల్లు చేర. ఏమనుకోకు" అన్నాడు, గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. ఊడ్చే ఆమె ఫోను స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాను, మళ్లీ అదే. మొత్తం ఆ పిల్ల ప్రాణమంతా ఒక్క ఫోను నంబరు మీదికొచ్చి ఆగింది.

"డ్యూటీల ఫోను పెట్టెల పెట్టిస్తరు బిడ్డా" అంది పెద్దమ్మ. "నాలుగింటికి దిగుతది. వాళ్ల బస్సు శంషాబాద్ల ఇడుస్తది. నడువు పోదం."

నా స్కూటీ వెనక పెద్దమ్మను కూర్చోబెట్టుకున్నాను. ఆమె ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో కొంగు పట్టుకుంది. హైవే మీద లారీలు, క్యాబులు, సూట్‌కేసులు కట్టిన కార్లు. మా నెత్తి మీదుగా ఒక విమానం చక్రాలు చాపుకుని దిగింది. అందులో ఎన్ని ఊళ్ల మనుషులో. వాళ్లు దిగి నడవబోయే ఆ నున్నటి నేలను తుడిచిన మనిషి కోసం మేం పోతున్నాం. రోజూ తలెత్తని నేను ఆ రోజు తలెత్తి చూశాను.

నాలుగున్నరకు బస్సు ఆగింది. ఒకే రంగు బట్టల్లో ఆడవాళ్లు దిగారు. నాకు అందరూ ఒకేలా కనబడ్డారు. పెద్దమ్మ తడుముకోకుండా వెళ్లి ఒకామె చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి. మొహం నిండా అలసట.

"పాపకు కావాలె" అంది పెద్దమ్మ. అంతే అంది.

ఆమె ఏమీ అడగలేదు. ఎంత దూరం, ఎంతసేపు, రేపు రాకూడదా, ఏమీ లేదు. "రెండింటికే తిన్న. ఇప్పుడే వస్త" అని టిఫిను సంచి భుజానికి తగిలించుకుంది. ఆమెకు పాప మొహం కూడా తెలియదు. నేను ఆమెకు ఆటో పిలిచాను.

డాక్టరమ్మ అన్నీ చూసి సరేనంది. రక్తం తీశారు. పెద్దమ్మ ఒక గ్లాసు నిలబెట్టి టీ పోసి, రెండు అరటిపండ్లు ఇచ్చింది. "పాప ఎట్లున్నది?" అని అడిగింది ఆమె. బుధవారం పరీక్షలు అయ్యాయి. గురువారం పొద్దున పాప మంచమెక్కింది.

ఆ రెండు రోజుల్లో నేను చేయాల్సింది చేశాను. వివరాలన్నీ పెద్ద కంప్యూటర్లో ఒక ఫైల్లో ఉంచి, రాసుకునే తెరలను వేరుచేసి ఎవరి కంప్యూటర్లో వాళ్లకు పెట్టాను. వైఫై మీద ఫైలు తెరవడం బంద్, తీగ ఉన్న కంప్యూటర్లకే అనుమతి. ఒకరు రాస్తున్న వరస ఇంకొకరికి అందకుండా కట్టడి పెట్టాను. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. నకలు తీసేముందు ఫోల్డరు చూసి, ఆ బుల్లి ఫైలు మాయమైందని కళ్లతో చూసుకున్నాకే తీయాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. అటక మీది రిజిస్టరు ఒకటి దించి, ఆరు పేర్లు చేత్తో రాశాను. గోడ మీది ఎర్రక్షరాల కాగితం చించేశాను.

గురువారం సాయంత్రం పైనుంచి డాక్టరమ్మ కబురు పెట్టింది. రక్తమంతా ఎక్కింది, ఏ ఇబ్బందీ లేదు, పాప ఆకలంటోంది అని. నేను ఆ ఊడ్చే ఆమె వరస తెరిచాను. చెదిరిపోయిన గడిలో మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టాను. ఇంతలో కౌంటరు అమ్మాయి అరిచింది.

"అక్కా, ఆమెకు ఫోన్ చేసి పాప బాగున్నదని చెప్దమనుకున్న. చెప్పినట్టు రాద్దమంటే వరస ఇస్తలేదు. లోపల ఇంకెవలో ఉన్నరు, ఆగమంటున్నది."

"నేనే ఉన్న. జర ఆగు" అన్నాను.

నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాశాను. పాపకు సరిపోతుంది. వరస మూశాను. అప్పుడు చెప్పాను, "ఇగ నీ వంతు."

ఆ అమ్మాయి ఫోన్లో మాట్లాడింది. అవతల ఆమె ఏమందో వినబడలేదు, ఈ పిల్ల కళ్లు మాత్రం తుడుచుకుంది. రాసి, మూసింది. ల్యాబు అన్న మూశాడు. పాప మెట్లు దిగి వచ్చింది, తనంతట తానే, వాళ్లమ్మ చెయ్యి కూడా వదిలేసి. పెదవులు ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మ ఇచ్చిన టీ గ్లాసులో పాలు గటగటా తాగేసి, గ్లాసు తనే కడుగుతానని మారాం చేసి, కడిగి, అరలో బోర్లించి వెళ్లింది.

ఐదయింది. పెద్దమ్మ మెయిన్ బోర్డు దగ్గర నిలబడింది. ఏడాదిలో మొదటిసారి స్విచ్చు దించకుండా నా వైపు తిరిగింది.

"అందరు బయటికొచ్చిండ్రా బిడ్డా?"

ఫోల్డరు చూశాను. బుల్లి ఫైలు లేదు.

"వచ్చినం పెద్దమ్మా. ఇగ బంద్ చెయ్యి."